జంటగా స్కూబా డైవింగ్: స్వరాజ్ ద్వీప్ నుంచి బాలి దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

అండమాన్ టికెట్లు తీసుకున్నాక, బాలి హనీమూన్ ప్యాకేజీలు చూస్తున్నప్పుడు, మొదటి డైవ్ చేసొచ్చి చెవి నొప్పెడుతున్నప్పుడు మన జంటలు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. వాటిని దశలవారీగా పెట్టాం. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం: ఇద్దరూ ఎవరి గాలి, ఎవరి లోతు వాళ్ళే చూసుకోగలగాలి. భర్త చెయ్యి పట్టుకుని తిప్పుతుంటే భార్య చూసొచ్చే పద్ధతి ఫొటోలకి బాగుంటుంది గానీ, నీళ్ళల్లో ఇద్దరికీ ప్రమాదమే.

## బయల్దేరే ముందు

మా ఆయనకి ఈత వచ్చు, నాకు రాదు. ఇద్దరం కలిసి డైవ్ చేయొచ్చా?

డీఎస్‌డీ అనే తొలి పరిచయ డైవ్‌కి ఈత అక్కర్లేదు. ఇన్‌స్ట్రక్టర్ మీ సిలిండర్ పట్టుకుని మొత్తం డైవ్ నడిపిస్తారు, లోతు 12 మీటర్లు దాటకూడదు. బుక్ చేసేటప్పుడు "ఒక్కొక్కరికి ఒక్కో ఇన్‌స్ట్రక్టర్ ఉంటారా?" అని అడగండి. ఇద్దరికీ కలిపి ఒక్కరే అంటే వేరే చోటు చూసుకోండి. కార్డు ఇచ్చే ఓపెన్ వాటర్ కోర్సుకి మాత్రం ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, లేదా మాస్క్, ఫిన్స్ (కాళ్ళకి తొడుక్కునే రెక్కలు), స్నార్కెల్‌ (నోటితో పీల్చే గొట్టం)తో 300 మీటర్లు వెళ్ళాలి. దానితోపాటు 10 నిమిషాలు నీళ్ళమీద తేలాలి. టైం పెట్టరు, ఏ ఈతైనా పర్లేదు. రెండు మూడు నెలలు కాలనీ స్విమ్మింగ్ పూల్‌కి క్రమం తప్పకుండా వెళ్తే పెద్దవాళ్ళకీ వచ్చేస్తుంది.

డీఎస్‌డీ చాలా, కోర్సే చేయాలా?

ఒక్కసారి చూసొస్తే చాలనుకుంటే డీఎస్‌డీ చేయండి. నీళ్ళల్లో ఉండేది అరగంటా నలభై నిమిషాలు. ఇద్దరూ కలిసి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలనుంటే ఓపెన్ వాటర్ చేయండి. మూడు నాలుగు రోజులు పడుతుంది, సముద్రంలో నాలుగు డైవ్‌లుంటాయి, 18 మీటర్ల దాకా వెళ్ళే అర్హత వస్తుంది. అండమాన్‌లో మనిషికి 30 వేల రూపాయలు అటూ ఇటూ అవుతుంది. ఒకరు కోర్సు, ఇంకొకరు డీఎస్‌డీ అని విడగొట్టుకోవడం మేం సిఫారసు చేయం. తర్వాత ప్రతి ట్రిప్పులోనూ ఒకరు 18 మీటర్ల దగ్గర, ఇంకొకరు ఒడ్డు దగ్గర ఉండిపోతారు.

ఆస్తమా ఉందని రాస్తే పంపరట. డైవ్‌కి ముందు నింపే ఆరోగ్య ఫారంలో రాయకుండా ఉండొచ్చా?

వద్దు. సన్నబడిన శ్వాసనాళంలో గాలి చిక్కుకుపోతే, పైకి వస్తున్నప్పుడు అది ఉబ్బి ఊపిరితిత్తిని చింపేస్తుంది. ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బు, షుగర్, చెవి ఆపరేషన్, ఊపిరితిత్తి కుప్పకూలిన చరిత్ర, వీటిలో ఏదున్నా "అవును" అనే రాయండి. "అవును" అన్నంత మాత్రాన డైవింగ్ తలుపు మూసుకుపోదు, డాక్టర్ సంతకం కావాలంతే. ఆ సంతకం ఊళ్ళోనే పెట్టించుకుని వెళ్ళండి. ఫారం డైవ్ సెంటర్ వాళ్ళు ముందే ఈమెయిల్ చేస్తారు. ద్వీపంలో దిగాక సంతకం పెట్టే డాక్టర్ కోసం తిరిగితే ఒక రోజు పోతుంది, ఒక్కోసారి కోర్సే పోతుంది.

పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. హనీమూన్‌లో డైవ్ చేయొచ్చా?

గర్భంతో డైవింగ్ చేయకూడదు. పీడనం తగ్గేటప్పుడు తల్లి రక్తంలో పుట్టే నత్రజని బుడగలను ఊపిరితిత్తులు వడకడతాయి. కడుపులో బిడ్డకి ఆ వడపోత ఉండదు. ప్రయత్నంలో ఉన్న నెలల్లో మానేయడమే మేలు, స్నార్కెలింగ్ చేసుకోవచ్చు. తెలియక డైవ్ చేసి, తర్వాత గర్భమని తెలిస్తే కంగారు పడకుండా గైనకాలజిస్టుకి ఆ సంగతి చెప్పండి. ప్రసవం తర్వాత, ముఖ్యంగా సిజేరియన్ అయితే, డాక్టర్ రాతపూర్వకంగా సరేనన్నాకే దిగాలి.

పీరియడ్స్ టైంలో దిగితే సొరచేపలు వస్తాయా?

రావు. టాంపాన్ గానీ మెన్‌స్ట్రువల్ కప్ గానీ వాడి మామూలుగా డైవ్ చేయొచ్చు. నొప్పి, నీరసం ఎక్కువగా ఉంటే ఆ రోజు మానేయండి.

నాకు మైనస్ 4 పవర్ ఉంది. కళ్ళద్దాలెలా?

కళ్ళద్దాల కాడలు మాస్క్ అంచు కింద నుంచి నీళ్ళు లోపలికి రానిస్తాయి కాబట్టి పెట్టుకోలేరు. మెత్తటి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవచ్చు, మాస్క్‌లోకి నీళ్ళొచ్చినప్పుడు కళ్ళు మూసుకుంటే చాలు. ఎక్కువ సెంటర్లలో పవర్ మాస్క్‌లు అద్దెకిస్తారు. మీ నంబరు ముందే చెప్పి పక్కన పెట్టించుకోండి. నీళ్ళల్లో వస్తువులు నాలుగో వంతు దగ్గరగా కనబడతాయి, అందుకే అర పాయింటు తక్కువున్న లెన్సుతోనూ పని జరిగిపోతుంది.

తాళి, మెట్టెలు, ముక్కుపుడక తీసేయాలా?

తాళి తీయడం ఇష్టం లేకపోతే వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే డైవింగ్ సూట్) లోపల ఛాతీకి అంటుకునేలా వేసుకుని జిప్ పైదాకా పెట్టండి. బయట వేలాడితే బీసీడీ (గాలి నింపి, తీసి తేలడం సర్దుకునే జాకెట్) క్లిప్పులో పడి గొలుసు తెగుతుంది. మెట్టెలతో వచ్చే చిక్కు వేరు: పాదమంతా కప్పే ఫిన్స్‌లో ఇరవై నిమిషాలు కాళ్ళాడిస్తే మెట్టె పక్క వేలి చర్మాన్ని గీరేస్తుంది. పలచటి సాక్స్ గానీ, బూట్లతో వేసుకునే ఫిన్స్ గానీ అడగండి. ముక్కుపుడక తీసేయండి. చెవుల్లో పీడనం సర్దుకోవడానికి మాస్క్ మీద నుంచి ముక్కు పదే పదే నొక్కాలి, ప్రతిసారీ అది లోపలికి గుచ్చుకుంటుంది. నొప్పని నొక్కకపోతే చెవి దెబ్బతింటుంది. పెద్ద చెవి కమ్మలు మాస్క్ పట్టీకి తగులుకుంటాయి. ఉంగరాలు గదిలోనే పెట్టండి, నీళ్ళల్లో వేళ్ళు సన్నబడి జారిపోతాయి. తలకి నూనె రాసుకోవద్దు, పట్టీ నిలవదు.

## నేర్చుకునేటప్పుడు

హైదరాబాద్‌లోనే నేర్చుకుని వెళ్ళొచ్చా?

సగం నేర్చుకోవచ్చు. థియరీ ఆన్‌లైన్‌లో, పూల్ పాఠాలు నగరంలో పూర్తి చేసి, సముద్రపు నాలుగు డైవ్‌లు అండమాన్‌లోనో విదేశంలోనో చేసే పద్ధతిని రెఫరల్ అంటారు. ఏడాది లోపు పూర్తి చేయాలి. సెలవులు తక్కువున్న ఉద్యోగస్థులకి ఇది బాగా కుదురుతుంది. ఒక్క తేడా గుర్తుంచుకోండి: పూల్‌లో సరిపోయిన బరువు ఉప్పునీళ్ళల్లో చాలదు, రెండు మూడు కిలోలు అదనంగా కావాలి.

సిలిండర్‌లో ఉండేది ఆక్సిజనా? ఎంతసేపొస్తుంది?

మామూలు గాలే, వడకట్టి ఒత్తిడితో నింపినది. ఆక్సిజన్ 21 శాతమే. 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ (బార్ అంటే పీడనం కొలత) నింపితే దాదాపు 2,200 లీటర్ల గాలి. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి ఒడ్డున అది గంటా నలభై నిమిషాలు పైనే వస్తుంది. 10 మీటర్ల లోతులో పీడనం రెండింతలు కాబట్టి నిమిషానికి 40 లీటర్లు, 20 మీటర్లలో 60 లీటర్లు ఖర్చవుతాయి. 50 బార్ నిల్వ వదిలేస్తే 10 మీటర్లలో 40 నిమిషాలు, 20 మీటర్లలో 27 నిమిషాలు. కంగారు పడే కొత్తవాళ్ళు దీనికి రెట్టింపు పీల్చేస్తారు.

రెండు మీటర్లు దిగగానే చెవులు పగిలిపోతున్నట్టున్నాయి. నాకిది పడదా?

చాలామందికి జరిగేది ఆలస్యం, అంతే. నొప్పి మొదలయ్యాక ముక్కు మూసి ఊదితే పని జరగదు, ఎందుకంటే గొంతు నుంచి చెవికి పోయే సన్నటి గొట్టం అప్పటికే పీడనానికి అతుక్కుపోయి ఉంటుంది. ఒడ్డునే ఒకసారి, తల మునగగానే ఒకసారి, తర్వాత ప్రతి అర మీటరుకీ, నొప్పి రాకముందే చేయాలి. ముక్కు రెండువేళ్ళతో నొక్కి మెల్లగా ఊదండి. కుదరకపోతే ముక్కు మూసి గుటక వేయండి, లేదా మొండి చెవిని పైకి చూసేలా తల వంచండి. తాడు పట్టుకుని కాళ్ళు కిందికి పెట్టి దిగితే తలకిందులుగా దిగడం కన్నా చాలా తేలిక. నొప్పొస్తే ఒక మీటరు పైకి వచ్చి మళ్ళీ ప్రయత్నించండి. బలంగా మాత్రం ఊదకండి, లోపలి చెవి పొర చిరిగి వినికిడికే ముప్పు రావచ్చు.

జలుబుతో దిగకండి. ముక్కు చుక్కలు వేసుకుని దిగితే ఇంకో చిక్కు: వాటి ప్రభావం లోతులో ఉండగా తగ్గిపోతే, పైకి వచ్చేటప్పుడు లోపలి గాలి బయటికి పోలేక నొప్పెడుతుంది. జంటలో ఒకరి చెవి సర్దుకోకపోతే రెండోవారు పైనుంచి చెయ్యూపి తొందరపెట్టకూడదు. ఆ తొందరే చెవులు పాడు చేస్తుంది. ఆ రోజు ఇద్దరూ ఆపేయడమే సబబు.

మాస్క్‌లోకి నీళ్ళొస్తే ఊపిరాడనట్టు భయమేస్తోంది.

ఆ భయం ముక్కుతో పీల్చే అలవాటు వల్ల. బకెట్‌లో ముఖం పెట్టి, మాస్క్ లేకుండా, స్నార్కెల్‌తో నోటి ద్వారా రెండు నిమిషాలు పీల్చడం ఇంట్లోనే సాధన చేయండి. రోజూ చేస్తే వారంలో ముక్కు మాట వింటుంది. నీళ్ళు తీయడానికి: మాస్క్ పై అంచుని నుదుటికి నొక్కి, పైకి చూస్తూ, ముక్కుతో నెమ్మదిగా ఊదండి. మీసం వల్ల నీళ్ళు కారుతుంటే ముక్కు కింద ఒక సన్నటి గీత మేర గీసేస్తే చాలు, మొత్తం తీయక్కర్లేదు.

ముందు ఏది కొనుక్కోవాలి?

మాస్క్. పట్టీ వేయకుండా ముఖానికి ఆనించి ముక్కుతో పీల్చండి. కిందికి వంగినా ఊడకపోతే అది మీది. కొత్త మాస్క్ అద్దం లోపల తయారీలో అంటిన పొర ఉంటుంది, తెల్ల టూత్‌పేస్ట్‌తో రెండు మూడుసార్లు రుద్ది కడగకపోతే పొగమంచు పడుతూనే ఉంటుంది. రెండోది డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం లెక్కగట్టే పరికరం), అదీ చెరొకటి. ఇద్దరూ ఒకే లోతులో ఈదినట్టే ఉంటారు గానీ ఒకరు కొంచెం కిందా ఒకరు పైనా ఉంటారు. ఒకరి లెక్క రెండోవారికి పనికిరాదు. బీసీడీ, రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికందించేది) అద్దెకే తీసుకోండి.

## నీళ్ళల్లో జంటగా

భార్యాభర్తలం కదా, మమ్మల్నే బడ్డీలుగా (నీళ్ళల్లో ఒకరినొకరు చూసుకునే జోడీగా) వేస్తారా?

అడిగితే వేస్తారు. కానీ మొదటి పది డైవ్‌ల దాకా చెరొక అనుభవజ్ఞుడితో జతకట్టమని మా సలహా. ఇద్దరూ కొత్తవాళ్ళైతే ఒకరి కంగారు రెండోవారికి అంటుకుంటుంది. ఒకరు బాగా నేర్చిన మనిషైతే రెండోవారు తన గేజ్ (మిగిలిన గాలి చూపే మీటరు) తాను చూసుకోవడం మానేస్తారు. దిగే ముందు ఒకరినొకరు తనిఖీ చేసుకోవడం మాత్రం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి: బీసీడీ ఉబ్బుతోందా, బరువులున్నాయా, క్లిప్పులన్నీ పడ్డాయా, సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరిచి ఉందా. చివరిదానికి గేజ్ చూస్తూ రెగ్యులేటర్‌తో నాలుగుసార్లు పీల్చండి. ముల్లు ఊగితే వాల్వ్ సగమే తెరిచి ఉన్నట్టు.

మా ఆయన గాలి ఎప్పుడూ ముందే అయిపోతుంది. నా డైవ్ కూడా పోతోంది.

ఒళ్ళు పెద్దదైతే గాలి ఎక్కువ కావాలి, అది తప్పు కాదు. 12 మీటర్లలో, ఒడ్డున నిమిషానికి 25 లీటర్లు పీల్చే మనిషికి 30 నిమిషాలొస్తే, 15 లీటర్ల మనిషికి 50 నిమిషాలొస్తుంది. ఆయనకి 15 లీటర్ల సిలిండర్ ఉందేమో అడగండి. బరువులు సరిచూడండి: ఖాళీ బీసీడీతో, మామూలు శ్వాస పట్టి ఉంటే నీళ్ళు కళ్ళ దగ్గర నిలవాలి. సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు చూస్తే రెండు కిలోలు కలపండి, ఎందుకంటే అల్యూమినియం సిలిండర్ ఖాళీ అవుతూ తేలికవుతుంది. అనవసరంగా నాలుగు కిలోలు మోసే మనిషి బీసీడీలో గాలి నింపుతూ, తీస్తూ, నిలువుగా ఈదుతూ సగం సిలిండర్ తగలేస్తాడు. చేతులు ఆడించడం మానేసి, ఆయన ఒక మీటరు పైన ఈదితే కూడా కలిసొస్తుంది. ఊపిరి బిగబట్టి ఆదా చేయాలని మాత్రం చూడకండి. 10 మీటర్ల నుంచి పైకి వచ్చేసరికి ఊపిరితిత్తుల్లోని గాలి రెట్టింపవుతుంది.

నీళ్ళల్లో ఎలా మాట్లాడుకోవాలి?

బొటనవేలు పైకెత్తితే "బాగుంది" అని కాదు, "పైకి వెళ్దాం" అని. మనవాళ్ళు ఆనందంతో బొటనవేలెత్తి డైవ్ ముగించుకోవడం రోజూ జరిగేదే. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే బాగున్నట్టు. చెయ్యి బల్లపరుపుగా పెట్టి ఊపి, తర్వాత ఎక్కడ ఇబ్బందో అక్కడ చూపండి. పిడికిలి చూపితే 50 బార్ మిగిలిందని. కొన్ని సైగలు సెంటర్‌ని బట్టి మారతాయి కాబట్టి పడవలోనే ఒకసారి అనుకోండి.

ఒకరికొకరు కనబడకుండా పోతే?

ఉన్నచోటే ఒక్క నిమిషం చుట్టూ, పైనా, కిందా బుడగల కోసం చూడండి. కనబడకపోతే నిమిషానికి 9 మీటర్ల వేగం దాటకుండా పైకి రండి. రెండోవారూ అదే చేస్తే ఇద్దరూ పైన కలుస్తారు. ఈ ఒప్పందం దిగే ముందే ఉండాలి. ప్రేమ కొద్దీ ఇంకాస్త వెతుకుదామని ఒకరు కిందే ఉండిపోతే, పైకి వచ్చినవారు మళ్ళీ దిగుతారు, ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

## మన దేశంలో

మొదటిసారికి ఎక్కడ బాగుంటుంది?

అండమాన్. 2018లో హావ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌కి షహీద్ ద్వీప్ అనీ పేర్లు మార్చారు, డైవర్లు ఇంకా పాత పేర్లే అంటారు. నీళ్ళు 27 నుంచి 30 డిగ్రీలు, 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్ చాలు. జనవరి నుంచి ఏప్రిల్ మంచి కాలం. నీమో రీఫ్ ఒడ్డు నుంచే నడిచి దిగే చోటు, నేర్చుకోవడానికి అనువైనది. డిక్సన్స్ పినకల్, జానీస్ గార్జ్ లోతైనవి, 30 మీటర్ల దాకా అర్హతనిచ్చే అడ్వాన్స్‌డ్ కార్డు ఉన్నాక వెళ్ళండి. లక్షద్వీప్ నీళ్ళు ఇంకా తేటగా ఉంటాయి, కానీ ప్రవేశానికి పర్మిట్ ముందే తీసుకోవాలి.

అండమాన్‌కి ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

కోర్సుతో కలిపి ఏడు. మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్‌లో దిగి ఫెర్రీ ఎక్కడం. 2024లో ఊరి పేరు శ్రీవిజయపురం అయింది. తర్వాత నాలుగు రోజులు పాఠాలు, డైవ్‌లు. ఆరో రోజు ఒళ్ళు ఆరబెట్టుకుంటూ రాధానగర్ బీచ్. ఏడో రోజు ఫెర్రీ, విమానం. అక్కడ ఐదింటికే తెల్లవారుతుంది, పడవలు పొద్దున్నే బయల్దేరతాయి. గంటన్నర ముందు రెండు ఇడ్లీలో, అరటిపండో తినండి. పూరీ కూర తిన్నవాళ్ళే పడవలో వాంతులు చేసుకునేది.

వైజాగ్‌లోనే చేస్తే సరిపోదా?

రుషికొండ దగ్గర డైవింగ్ ఉంది, దగ్గర కూడా. అయితే బంగాళాఖాతం ఒడ్డు నీళ్ళల్లో మట్టి, ఇసుక ఎక్కువ. కొన్ని రోజులు నాలుగైదు మీటర్లకి మించి కనబడదు. అండమాన్ వీడియోలు చూసి వెళ్తే నిరాశ పడతారు. కార్డు ఉన్నవాళ్ళకి మాత్రం మసక నీళ్ళల్లో జంటగా దగ్గర దగ్గరగా ఈదే సాధనకి ఇంతకన్నా మంచి చోటు లేదు. తుపాన్ల కాలం పోయాక వెళ్ళండి.

నేత్రాణి ఎలా ఉంటుంది?

కర్ణాటకలో మురుడేశ్వర్ నుంచి పడవలో గంటా గంటన్నర. వర్షాకాలంలో మూసేస్తారు, అక్టోబరు నుంచి మే దాకా తెరుస్తారు. ద్వీపం మీద దిగనివ్వరు. వారాంతాల్లో డీఎస్‌డీ రద్దీ బాగా ఉంటుంది, వీలైతే మంగళ, బుధవారాల్లో వెళ్ళండి.

## విదేశాల్లో

ఇండియాలో తీసుకున్న కార్డు అక్కడ చెల్లుతుందా?

పాడీ, ఎస్ఎస్ఐ అనే శిక్షణ సంస్థల కార్డులు ప్రపంచమంతా చెల్లుతాయి, ఒకదాన్నొకటి గుర్తిస్తాయి. గడువు ఉండదు. ఏడాది పైగా డైవ్ చేయకపోతే రిఫ్రెషర్ (నేర్చింది గుర్తుచేసే పాఠం) చేయమంటారు, అది మీ మంచికే. లాగ్‌బుక్ తీసుకెళ్ళండి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఫుజైరా, ఒమాన్‌లోని దైమానియత్ ద్వీపాలు దగ్గర. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఫ్లోరిడాలో కీ లార్గో, మెక్సికోలో కొజుమెల్.

బాలిలో కొత్త జంటకి ఏ చోటు?

తూర్పు ఒడ్డున తులాంబెన్. 1942 జనవరిలో జపాన్ జలాంతర్గామి టార్పెడోకి దెబ్బతిన్న లిబర్టీ అనే అమెరికా సరుకు నౌకని ఈ తీరానికి చేర్చారు. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు అది నీళ్ళల్లోకి జారింది. ఒడ్డు నుంచి నడిచి దిగొచ్చు, 5 మీటర్ల దగ్గరే మొదలవుతుంది. పడవ, వాంతులు ఏమీ లేవు. ఒడ్డంతా గుండ్రాళ్ళు కాబట్టి గట్టి అడుగున్న బూట్లు కావాలి. నూసా పెనీదా వేరే కథ: ప్రవాహాలు బలమైనవి, జూలై నుంచి అక్టోబరు దాకా మోలా అనే పెద్ద చేపలు కనబడే కాలంలో నీళ్ళు 20 డిగ్రీలకీ పడిపోతాయి. ఇరవై డైవ్‌లైనా చేశాక, 5 మిల్లీమీటర్ల సూట్‌తో వెళ్ళండి.

మాల్దీవుల్లో రిసార్ట్ ఖర్చు భరించలేం. వేరే దారుందా?

ఉంది. ధిగురా, రస్‌ధూ లాంటి స్థానికులుండే ద్వీపాల్లో గెస్ట్‌హౌస్‌లో ఉండి డైవ్ చేయొచ్చు. ధిగురా దగ్గర తిమింగల సొరచేపలు ఏడాది పొడుగునా తిరుగుతాయి. అక్కడ మద్యం దొరకదు, బికినీకి కేటాయించిన బీచ్ వేరే ఉంటుంది. చట్టప్రకారం లోతు 30 మీటర్లు మించకూడదు. మంటా రే చేపలకి పేరున్న హనీఫారు బేలో స్కూబా నిషిద్ధం, స్నార్కెలింగే. శాకాహారులైతే ముందే చెప్పండి, లేకపోతే మూడు పూటలా చేపే.

శ్రీలంక, థాయ్‌లాండ్ ఏ నెలల్లో?

శ్రీలంకలో తూర్పున త్రికోణమలై మే నుంచి సెప్టెంబరు, పడమర హిక్కడువ నవంబరు నుంచి ఏప్రిల్. మట్టకళప్పు దగ్గరున్న హెచ్‌ఎంఎస్ హెర్మిస్ విమానవాహక నౌక 50 మీటర్ల లోతులో ఉంది, సాంకేతిక శిక్షణ పొందినవాళ్ళకే. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడిన మూడు రోజులకే జపాన్ విమానాలు దాన్ని ముంచాయి. థాయ్‌లాండ్‌లో సిమిలన్ ద్వీపాలు మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసి ఉంటాయి. కో తావ్‌లో కోర్సు చవక, నవంబరులో మాత్రం వద్దు.

ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది. సరిపోతుందా?

మినహాయింపుల పేజీ చదవండి. చాలా పాలసీలు స్కూబాని తీసేస్తాయి, కొన్ని ఫలానా లోతు దాకానే ఇస్తాయి. డైవ్ వల్ల ఒంట్లో బుడగలు పుట్టి జబ్బు చేస్తే ఇచ్చే పీడన గది చికిత్స, అక్కడికి తరలింపు రెండూ ఉన్న డైవింగ్ పాలసీ తీసుకోండి, ఇద్దరి పేరునా.

## డైవ్ అయ్యాక

ఎన్ని గంటలకి విమానమెక్కొచ్చు? అరకు వెళ్ళొచ్చా?

ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, రోజుకి రెండు మూడు లేదా వరసగా కొన్ని రోజులైతే 18 గంటలు. 24 పెట్టుకుంటే లెక్కలతో పని లేదు. ఎక్కువమంది మరిచిపోయేది కొండలు. పైన గాలి పీడనం తగ్గి ఒంట్లో నత్రజని బుడగలు పుట్టొచ్చు, అందుకే 600 మీటర్లు దాటిన ఎత్తు విమానం కిందే లెక్క. పొద్దున రుషికొండలో డైవ్ చేసి మధ్యాహ్నం అరకు ఘాట్ ఎక్కితే 900 మీటర్లు దాటేస్తారు. మురుడేశ్వర్ నుంచి బెంగళూరు, తులాంబెన్ నుంచి కింతమణి, త్రికోణమలై నుంచి నువర ఎళియ, అన్నీ ఇదే బాపతు. కొండలు ముందు, సముద్రం తర్వాత అని ట్రిప్పు తిరగేసుకోండి.

రాత్రి మోచెయ్యి లాగుతోంది, ఒంటిమీద మచ్చలొచ్చాయి. సిలిండర్ మోసినందుకేనా?

అలా అనుకుని పడుకోవద్దు. డైవ్ తర్వాత 24 గంటల్లో కీళ్ళ నొప్పి, మచ్చలు, తిమ్మిరి, తల తిరుగుడు, విపరీతమైన నీరసం ఏది వచ్చినా డీకంప్రెషన్ జబ్బే (పీడనం తగ్గి ఒంట్లో నత్రజని బుడగలు పుట్టడం) అనుకోవాలి. డైవ్ సెంటర్‌కి వెంటనే ఫోన్ చేయండి, వాళ్ళ దగ్గర 100 శాతం ఆక్సిజన్ ఉంటుంది. పడుకోబెట్టి అది ఇస్తూ ఆసుపత్రికి తరలించాలి. ఆక్సిజన్‌తో నొప్పి తగ్గినా డాక్టర్‌కి చూపించాలి. తగ్గుతుందని మళ్ళీ నీళ్ళల్లోకి దింపకండి. ఒళ్ళు పట్టించుకోవడం, మద్యం తాగడం ఆ రాత్రికి వద్దు. లక్షణాలు కప్పేస్తాయి. మీ భాగస్వామి "ఏం లేదులే" అన్నా మీరు ఫోన్ చేయండి.

గవ్వలు, పగడపు ముక్కలు తెచ్చుకోవచ్చా?

చచ్చిన పగడమైనా తేకూడదు. పగడాలు 1972 వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. విమానాశ్రయంలో బ్యాగు తెరిపిస్తారు, కేసు పెట్టొచ్చు. నీళ్ళల్లో కూడా పగడాన్ని పట్టుకుని నిలబడకండి. ఫొటో కోసం ఇద్దరూ మోకాళ్ళమీద కూర్చోవాలంటే ఇసుక మీదే కూర్చోండి, అదీ కింద ముళ్ళ చేపలు లేవని గైడ్ చూశాక.